సగం బస్తా ఇసుక

అక్టోబర్ 14

లెన్సుల కంపెనీ వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. తొమ్మిది నెలలుగా షాపు కౌంటర్ కింద పాత ఫ్రేముల డబ్బాల మధ్య పడి ఉంది. కళ్ళజోళ్ళ సంగతి ఇందులో రాయను. వంశీ సంగతీ రాయను. చేపల సంగతి ఒక్కటే రాస్తాను, తేదీలతో, పద్ధతిగా.

ట్యాంకు అయిదడుగులది. పన్నెండు మిల్లీమీటర్ల గాజు. వంశీ కోసి అతికించాడు.

నాలుగో వాక్యంలోనే పేరు వచ్చేసింది. సరే, మెదక్‌లో ఇంత పెద్ద ట్యాంకును చుక్క కారకుండా అతికించేవాడు అతనొక్కడే. రాయక తప్పదు.

చేపలు నాలుగు. దక్షిణ అమెరికా సిక్లిడ్లు. హైదరాబాద్‌లో ఒకాయన ట్యాంకులన్నీ ఎత్తేస్తుంటే తీసుకున్నాను. ఒక్కొక్కటి నా అరచేయంత ఉంటుంది. ఇసుకను నోటినిండా తీసుకుని, నమిలి, అందులో తినేది ఏదైనా ఉంటే ఏరుకుని, మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఇసుక ముతకదైతే మొప్పలు గీరుకుపోతాయి. అందుకని సన్న ఇసుక కావాలి. అందుకని.

ఈ రోజుకు చాలు.

అక్టోబర్ 15

నీళ్ళు ఇంకా మసకగానే ఉన్నాయి. ఇసుకను పదకొండుసార్లు కడిగి వేశాను. నాలుగుసార్లు కడిగితే చాలునని వాట్సాప్‌లో చేపల గ్రూపులో అందరికీ చెప్పేది నేనే.

అక్టోబర్ 17

రాయకపోతే ఇదే చేతికి అడ్డం వస్తోంది. రాసి పక్కన పెడతాను.

వంశీ పోయి పద్దెనిమిది రోజులు. సెప్టెంబర్ 29 మధ్యాహ్నం, ఎల్దుర్తి రోడ్డులో వాగు దగ్గర, ట్రాక్టర్ల వాళ్ళు ఇసుక తోడి వదిలేసిన గుంతలో మునిగిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు. గాజు, ప్లైవుడ్ షాపు. తల్లి ఐలవ్వ, భార్య అంకిత, అయిదేళ్ళ కూతురు ఇషిత. నన్ను అన్నా అని పిలిచేవాడు. చేపల పిచ్చి అతనికి అంటించింది నేనే.

దూకాడని ఊళ్ళో అంటున్నారు. ఆ పొద్దున భార్యాభర్తలు గొడవపడ్డారు. అంకిత వాకిట్లో నిలబడి "పోతే పో, మళ్ల ఇంటికి రాకు" అందట. వాడకట్టు మొత్తం విన్నది. వాగు ఒడ్డున బండి ఉంది, చొక్కా మడతపెట్టి ఉంది, చొక్కా జేబులో ఫోను ఉంది. ఇంకేం కావాలి జనానికి.

దూకలేదు. చేపలకు ఇసుక తేవడానికి దిగాడు. అది నా ఒక్కడికే తెలుసు. నా దగ్గరున్న ఇసుక ముతకగా ఉందని నేనే ఓ మాట అన్నాను. వీలు చూసుకుని ఎప్పుడైనా తెమ్మన్నాను. అంతే.

చెబితే మాత్రం మనిషి తిరిగొస్తాడా.

అక్టోబర్ 18

ట్యాంకులో కుడిపక్క మూలన చేపలు గుంత తీశాయి. ఈ జాతికి అది మామూలే. చెంచాతో పూడ్చాను.

అక్టోబర్ 19

మళ్ళీ అక్కడే. పూడ్చాను.

అక్టోబర్ 20

మళ్ళీ.

అక్టోబర్ 23

వంశీ పోయిన మూడోరోజు సంగతి. పిట్టకు పెట్టినరోజు.

చెరువు కట్ట పక్కన విస్తరి వేశారు. అన్నం, కోడికూర, వంశీ తాగే బ్రాండు సిగరెట్టు, చిన్న గ్లాసులో కల్లు. కాకులు చెట్టు మీదే ఉన్నాయి, ఒక్కటీ కిందికి రాలేదు. అరగంట అయింది. పోయినవాడి మనసులో ఏదో ఉండిపోయిందని పెద్దవాళ్ళు అన్నారు. ఒక్కొక్కరే విస్తరి ముందుకు వెళ్ళి మాట ఇచ్చారు. బిడ్డను చదివిస్తామని ఒకరు, షాపు నడిపిస్తామని ఇంకొకరు, అమ్మను చూసుకుంటామని మరొకరు. అంకిత వెళ్ళింది. "నేనన్న మాట తప్పే, ఇంటికి రా" అంది. కాకి రాలేదు. అందరూ ఆమెనే చూశారు. నేనూ ఆమెనే చూశాను.

నన్ను వెళ్ళమని ఎవరూ అనలేదు. నేనూ వెళ్ళలేదు. గంట తర్వాత విస్తరిని చెరువులో వదిలారు.

తిరిగొచ్చేటప్పుడు అంకిత వంశీ ఫోను తెచ్చి చూపింది. ఆ రోజు పదిన్నరకు నేను పంపిన మెసేజ్ ఉండాల్సిన చోట డిలీట్ చేసినట్టు మాత్రమే కనబడుతోంది. దాని కింద వంశీ జవాబు. సరే అన్నా.

"అన్నా, ఇందుల ఏముండె?"

"చేప ఫోటో అమ్మా. తప్పు ఫోటో పోయింది, తీసేసిన."

తల ఊపింది. నామీద నమ్మకం ఆమెకు.

అక్టోబర్ 24

గుంత.

నవంబర్ 3

ఈ రోజు నీళ్ళు తేటపడ్డాయి. భూతద్దం తెచ్చి గాజు దగ్గర కూర్చున్నాను.

జురుపారి అనే అరుదైన రకమని వీటిని తీసుకున్నాను. అసలు జురుపారి అయితే బుగ్గ దాదాపు నున్నగా ఉండాలి. లేదా ఒకటి రెండు చుక్కలు, అవీ మసకగా. వీటి బుగ్గల మీద, మొప్ప మూత మీద తెల్ల చుక్కలు చిలకరించినట్టు ఉన్నాయి. పెద్దదానికి ఎడమ పక్క ముప్పై ఒకటి లెక్కపెట్టాను. ఇవి జురుపారి కావు. ల్యూకోస్టిక్టా. జురుపారి పేరుతో బజారులో ఎక్కువగా దొరికేవి ఇవే. తెలియనివాళ్ళు మోసపోతుంటారు.

గ్రూపులో ఫోటో పడ్డప్పుడు అందరూ "మదన్ సార్ చెప్పాలి" అన్నారు. చెప్పాను. జురుపారి, వంద శాతం, ఇటువంటివి మళ్ళీ దొరకవు అన్నాను. ఫోటోలో తెల్లగా ఏదో కనబడకపోలేదు. కెమెరా మెరుపు అనుకున్నాను. కంటి పరీక్షలు చేసి బతికేవాణ్ణి నేను.

జురుపారిని దయ్యం చేప అని కూడా అంటారని వంశీకి చెబితే నవ్వాడు. "మన ఇండ్లల్ల ఉన్నయి సాలవా అన్నా, ఇంకొకటి గావాల్నా" అన్నాడు.

గ్రూపులో ఏమీ రాయలేదు. రాయాల్సిన అవసరం కూడా లేదు.

నవంబర్ 8

అక్టోబర్ 17న రాసినదాంట్లో ఒకటి సరిచేస్తున్నాను. రాత పద్ధతిగా ఉండాలి కాబట్టి.

వీలు చూసుకుని తెమ్మనలేదు. రేపు చేపలొస్తున్నాయి, ఈ రోజే తే అన్నాను. షాపు ఉంది, నేను రాలేను అని కూడా అన్నాను.

ఆ రోజు ఆదివారం. ఆదివారం నా షాపు మూసే ఉంటుంది. వంశీకి ఆ సంగతి తెలుసు. తెలిసీ సరే అన్నా అన్నాడు.

నవంబర్ 9

గుంత అదే మూలన. ఈసారి లోతు ఎక్కువ. కింది గాజు కనబడుతోంది. పూడ్చాలని చెంచా తీసుకెళ్ళి, పూడ్చకుండానే వచ్చాను. ఇసుక రాలే చప్పుడు షాపులో కూడా వినబడుతోంది. అంత చిన్న చప్పుడు గాజు దాటి రాదని నాకు తెలుసు. మొప్పల్లోంచి సన్నగా, ఆగకుండా. మధ్యాహ్నం ఒకాయన కన్ను చూస్తుంటే వినబడి వెనక్కి తిరిగాను. "ఏమైంది సార్" అన్నాడు. పవర్ తప్పు రాసిచ్చాను. పిలిచి మళ్ళీ చూడాలి.

నవంబర్ 15

ఇంకొకటి సరిచేయాలి.

ఆ రోజు నాలుగింటికి వంశీ ఫోను ఎత్తకపోతే నేనే వాగు దగ్గరికి వెళ్ళాను. అందరికంటే ముందు వెళ్ళింది నేనే. బండి ఉంది. చొక్కా ఉంది. చొక్కా పక్కన సగం నిండిన ఇసుక బస్తా, ప్లాస్టిక్ టబ్బు ఉన్నాయి. గుంతలో నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. టబ్బును దూరంగా ముళ్ళపొదల్లోకి విసిరేశాను. బస్తాను నా స్కూటర్ ముందు పెట్టుకుని ఇంటికి తెచ్చాను. స్నానాల గది వెనక దాచి, మెసేజ్ డిలీట్ చేసి, అప్పుడు నలుగురికీ ఫోన్ చేశాను, వంశీ కనబడుతలేడని. నలభై నిమిషాలు పట్టింది.

వాగులో పర్మిషన్ లేకుండా ఇసుక తీస్తే కేసు అవుతుంది. చచ్చినవాడి మీద ఇసుక దొంగ అనే పేరు పడకూడదనే తెచ్చాను. వాళ్ళింటి మర్యాద కోసమే.

పన్నెండు గంటలప్పుడే ప్రాణం పోయి ఉంటుందని దవాఖానలో డాక్టర్ చెప్పాడు. రెండుసార్లు అడిగి తెలుసుకున్నాను. కాబట్టి ఆ నలభై నిమిషాల వల్ల ఏమీ కాలేదు.

దొంగ పేరు తప్పించాను. దూకాడనే పేరు వచ్చింది. ఏది మేలో ఆలోచించలేదు.

ఆ ఇసుకే ట్యాంకులో ఉంది. మరునాడు చేపలు వస్తే వేరే ఇసుక లేదు మరి.

నవంబర్ 22

పెద్ద చేప మూడు రోజులుగా తినడం లేదు. దవడ కింద ఉబ్బింది. మిగతా వాటిని తరుముతోంది. గొంతు జబ్బు. ఉప్పు వేశాను.

నవంబర్ 24

ఎప్పుడూ ట్యాంకు వైపు చూడని నా భార్య భూలక్ష్మి ఈ రోజు ఊడుస్తూ ఆగి, చీపురు పట్టుకునే చాలాసేపు చూసింది.

"జబ్బు గాదు అది. నోట్ల ఏమో పెట్టుకున్నది. చూడుండ్రి, నములుతున్నది గని మింగుతలేదు."

భూతద్దం పెట్టి చూశాను. చేప నోరు కొంచెం తెరిచి మూసింది. లోపల నల్లటి చుక్కలు, జతలు జతలుగా. కళ్ళు. నోటినిండా పిల్లలు. ఇవి పిల్లల్ని నోట్లో పెట్టుకుని కాపాడతాయని గ్రూపులో ఎన్నిసార్లు రాశానో. నా ఇంట్లో జరిగితే గొంతు జబ్బు అన్నాను.

"ఎన్ని దినాలు పెట్టుకుంటదట గట్ల?" అడిగింది భూలక్ష్మి.

"రెండు మూడు వారాలు."

"అన్ని దినాలు తినదా?"

"దాదాపు తినదు."

నావైపు చూసింది. "మీరు గూడ సరిగ్గ తింటలేరు" అని, చీపురు మూలకు పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. ఉప్పు నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు పోశాను.

నవంబర్ 27

ఐలవ్వ షాపుకు వచ్చింది. చూపు మసకేసిందట. బోర్డు మీద అక్షరాలు చదవలేదు కాబట్టి బొమ్మలున్న అట్ట పెట్టాను. మూడో వరుస దగ్గర ఆగిపోయింది.

"గోడకున్న ఫోటోల మా వంశిగాని మొఖం అలికినట్టు గొడుతున్నది బిడ్డా. జర మంచి అద్దాలు పెట్టు."

ఫ్రేము ఎంచి, లెన్సులు అక్కడే బిగించి ఇచ్చాను. పెట్టుకుని చుట్టూ చూసి, నా ముఖం దగ్గర ఆగింది. "మస్తు చిక్కినవు కొడుకా. నువ్వొక్కనివే వాని కొరకు పరేషాన్ అయితున్నవు" అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

"ఆదివారం అంకిత అన్న పరమేశు అల్లాదుర్గం నుంచి వస్తుండు. కోడల్ని వానెంట తోలిస్తున్న. దాని నోటి మాటకే నా కొడుకు నీళ్లల్ల వడ్డడు. దాని మొఖం నేను చూడలేను. పొల్లను మాత్రం ఇయ్య, నేనే సాదుకుంట."

"అంకిత ఏమంటుంది?"

"ఏమంటది. తప్పు నాదే అంటది. పొల్లను ఇచ్చిపొమ్మంటే గూడ సరే అన్నది."

సరే అన్నది. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే చెవిలో ఉంది.

నవంబర్ 28

షాపు తెరవలేదు.

నవంబర్ 29

రెండు నెలలు. గుంత. పూడ్చను ఇక.

నవంబర్ 30

డిలీట్ చేసిన మెసేజ్ నాకు కంఠతా వచ్చు. ఇదివరకు రాసినవన్నీ సగం సగం. ఇది మొత్తం.

"వంశీ, రేపు చేపలొస్తున్నయి. ఇసుక ఇయ్యాల్నే కావాలె. ఒడ్డు మీదిది ముతక, అది తేకు. లోపలికి దిగు, గుంతల దగ్గర సన్నగ ఉంటది. నాకు షాపు ఉన్నది, రాలేను."

గుంతలు ఉన్నాయని నాకు తెలుసు. వంశీకి ఈత రాదని తెలుసు. ఆ సమయంలో నేను మంచం మీద పడుకుని, చేప ఫోటోను రెండు వేళ్ళతో సాగదీస్తూ బుగ్గ చూసుకుంటున్నాను.

భూలక్ష్మికి అంతా చెప్పాను. పొయ్యి కట్టేసి విన్నది.

"ఆ బస్తా వంశీ షాపుదని నాకు ఆ దినమే ఎరుక. ఇయ్యాల జెప్తరు, రేపు జెప్తరు అని చూసిన" అంది. "నాకు జెప్తే ఏమొస్తది? రేపు ఆ పిల్లకు జెప్పుండ్రి."

డిసెంబర్ 1

గ్రూపులో రాశాను: అవి జురుపారి కావు, ల్యూకోస్టిక్టా, నేను తప్పు చెప్పాను. ఎనిమిది మంది బొటనవేలు బొమ్మ పెట్టారు. ఇంకో పని కూడా అయింది. అది రేపు రాస్తాను.

డిసెంబర్ 2

నిన్న పొద్దున ఎనిమిదింటికి వెళ్ళాను. అంకిత గడప మీద కూర్చుని ఇషితకు జడ వేస్తోంది. పక్కన బ్యాగు సర్ది ఉంది.

"అంకితా, వంశీ దూకలేదు. నేను ఇసుకకు పంపిన."

"ఏం ఇసుక?"

"చేపలకు."

"చేపలకు" అంది. రిబ్బను ముడి సగంలో ఆగింది.

మెసేజ్ మొత్తం చెప్పాను. బస్తా తీసుకెళ్ళిన సంగతి కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ముందు రిబ్బను ముడి పూర్తిచేసింది.

"ఫోటో అంటిరి గద."

"అబద్ధం చెప్పిన."

"ఫోటో పంపితే సరే అన్నా అని ఎవలంటరు? నాకు ఆ దినమే అనిపించింది. మదనన్న అబద్ధమెందుకు ఆడుతడని నన్ను నేనే తిట్టుకున్న." లేచి నిలబడింది. "ఇంకోసారి చెప్పుండ్రి."

చెప్పాను. ఆమె లోపలికి తిరిగి "అత్తమ్మా, ఇటు రా" అని పిలిచింది. ఐలవ్వ కొత్త కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది.

"ఇంకోసారి చెప్పుండ్రి."

ఐలవ్వ చివరిదాకా విన్నది. కళ్ళజోడు తీసింది. కాడలు మడిచి నా చేతిలో పెట్టింది. గోడ పట్టుకుని లోపలికి వెళ్ళింది.

అంకిత చెప్పులు వేసుకుంది. "రాండ్రి" అంది.

వాడకట్టులో తొమ్మిది ఇండ్లు. ప్రతి ఇంటి ముందు ఆగి, లోపలివాళ్ళను బయటికి పిలిచి, "చెప్పుండ్రి" అంది. చెప్పాను. మూడో ఇంటికి వచ్చేసరికి మాటలు తడబడకుండా వస్తున్నాయి, అందుకు నాకు భయం వేసింది. నాలుగో ఇంట్లో "సన్న ఇసుక తెమ్మన్న" అని ముగించాను.

"గుంతల దగ్గర దిగుమన్న అన్నరు గద ఇందాక. అది గూడ చెప్పుండ్రి."

అదీ చెప్పాను. ఆ మాటను నాకు తెలియకుండానే వదిలేశాను. ఈ డైరీలో కూడా అంతే జరిగింది.

ఏడో ఇంటి దగ్గర ఉండగా పరమేశ్ ఆటో దిగాడు. రెండు మాటలు విని నా కాలర్ పట్టుకున్నాడు. కొట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. అంకిత అతని చెయ్యి పట్టి తీసింది.

"ఇడువు అన్నా. ఇంక రెండిండ్లున్నయి."

ఆ రెండూ అయ్యాక నావైపు చూడలేదు. ఇషిత చెయ్యి పట్టుకుని వాళ్ళ ఇంట్లోకి వెళ్ళింది. ఆటో ఖాళీగా తిరిగిపోయింది. మధ్యాహ్నం స్టేషన్‌కు పోయి రాసిచ్చాను. మళ్ళీ పిలుస్తామన్నారు.

డిసెంబర్ 5

పెద్ద చేప పిల్లల్ని బయటికి వదులుతోంది. నలభై దాకా ఉన్నాయి, బియ్యపు గింజలో సగం ఉంటాయి. నీడ పడితే చాలు, మళ్ళీ నోట్లోకి లాక్కుంటోంది. నేను దగ్గరికి వెళ్ళినప్పుడల్లా అంతే.

డిసెంబర్ 8

ఆదివారం. పదకొండింటికి అంకిత వచ్చింది. భూలక్ష్మి కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆ ఇసుక ఏది?"

చూపించాను. మూత తీయమంది. తీశాను. కొంగు దోపుకుని మోచెయ్యి దాటేదాకా చెయ్యి నీళ్ళలో పెట్టింది. పెద్ద చేప పిల్లలన్నింటినీ గబగబా నోట్లోకి తీసుకుని ఎడమ మూలకు పోయింది. అంకిత చెయ్యి కుడి మూలన గుంతలోకి దిగింది. ఇసుక పిడికెడు తీసుకుని, వేళ్ళతో నలిపి, అలాగే పట్టుకుంది.

"సన్నగనే ఉన్నది" అంది.

నాతో అన్నట్టు లేదు. అక్కడ నిలబడటం తప్ప నేను చేయగలిగింది లేదు. ఆ చేప అసలు పేరు ఏమిటో, అది అంత అరుదైనది కాదని కూడా చెబుదామనుకున్నాను. చెప్పలేదు. అది ఆమెకు ఎందుకు.

చెయ్యి తీయలేదు. పావుగంట గడిచింది. ముందు ఒక చేప వచ్చి ఆమె వేళ్ళ పక్కనే ఇసుక నోట్లోకి తీసుకుని వదిలింది. తర్వాత పెద్దది మెల్లగా దగ్గరికి వచ్చింది. నోరు తెరిచింది. పిల్లలు ఒక్కొక్కటే బయటికి వచ్చి ఆమె మణికట్టు చుట్టూ చేరాయి. నా ఒక్కడి నీడకే లోపలికి పోయేవి, ఆమె చేతికి భయపడలేదు. అంకిత కదలలేదు. ఆమె ముఖం నాకు కనబడలేదు, భుజాలు కనబడ్డాయి.

తర్వాత చెయ్యి పైకి తీసింది. తువ్వాలు ఇచ్చాను. తీసుకోలేదు. పిడికిలి విప్పకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయింది.

గేటు దాకా నీటి చుక్కలు, అక్కడక్కడ ఇసుక. సాయంత్రం భూలక్ష్మి ఇల్లంతా ఊడ్చింది, మెట్లు మాత్రం ఊడ్వలేదు.